సొర నూనె పూసిన భోజనాల బల్ల

గోపాలపురంలో ఉన్న పిల్లులన్నీ ఒకనాటి పొద్దున్న ఒకే బంగళా ముందు బారులు తీరి కూర్చున్నాయి. ఊళ్ళో పిల్లులు చాలక చిలక సరస్సు ఒడ్డున ఉన్న రంభ ఊరి నుంచి కూడా కొన్ని నడిచి వచ్చాయని మా అమ్మ బతికున్నంత కాలం చెప్పేది. అంత దూరం నడిచాయో లేదో నాకు తెలీదు గాని, వాటిని పిలిచింది మాత్రం నేనే. నోటితో పిలవలేదు. ఒక భోజనాల బల్లనీ ఎనిమిది కుర్చీలనీ బాగుచేసి పిలిచాను. ఆ బాగుచెయ్యడంలో ఒక దొరసాని ఇల్లు పోవలసింది, మా మావ కొలువు పోవలసింది. నా పరువైతే నిజంగానే పోయింది. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి కాబట్టి పిలిచి మరీ చెప్పుకుంటున్నాను. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. కాని ఆ బల్ల దగ్గర నేను కళ్ళారా చూసినవి కొన్ని ఉన్నాయి. అవి తలుచుకుంటే మాత్రం నా నవ్వు సగంలో ఆగిపోయి నోరు తెరుచుకునే ఉండిపోతుంది.

గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసిన తొలి రోజులవి. మాది సముద్రం ఒడ్డున పేట. అయ్య పడవ మీద వేటకెళ్ళేవాడు, అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకొని బరంపురం దాకా వెళ్ళి అమ్మేది. మా పేటలో మీసం మొలిచిన ప్రతివాడూ రంగం వెళ్ళేవాడు. రంగూన్‌ని మేం రంగం అనేవాళ్ళం. గోపాలపురంలో స్టీమరెక్కడం, అక్కడ దిగడం, అంతే. నేనూ వెళ్ళాను. రెండేళ్ళపాటు ఒక కలప మిల్లులో రంపం పొట్టు బస్తాల్లోకి ఎత్తాను.

ఇంటికి రాయించిన ఉత్తరాల్లో మాత్రం కుర్చీలూ బల్లలూ చేసేచోట ఉన్నానని రాయించాను. అది పూర్తిగా అబద్ధం కాదు. మిల్లు వెనకాల అలాంటి కొట్టు ఒకటి ఉండేది. బస్తా మోసుకుంటూ దాని గుమ్మం ముందు నుంచి పోయేవాణ్ణి. లోపల చీనావాళ్ళు చిన్న గుడ్డ ఉండలతో బల్లల్ని రుద్దుతూ కనబడేవాళ్ళు. ముక్కు అదిరే ఘాటు వాసన వచ్చేది. ఈ విద్యలో నా చదువు అక్కడికి మొదలు, అక్కడికే ఆఖరు.

జ్వరం పట్టుకొని తిరిగొచ్చేసరికి మా పేటలో నేను పెద్ద చెక్కపని మేస్త్రీని. ఎవరూ పరీక్ష పెట్టలేదు. నేనూ ఎవరికీ కాదని చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళవాడికి ఊరంతా మర్యాద ఇస్తుంటే వద్దనే తెలివి ఎక్కణ్ణించి వస్తుంది?

మా అమ్మ తమ్ముడు లచ్చయ్య మావ ఒక దొరసాని బంగళాలో బట్లరు. వంటా ఆయనదే, వడ్డనా ఆయనదే. దొరసాని భర్త ఓడ కప్తానుగా చేసి కాలం చేశాడు. సముద్రపు గాలికి వచ్చేవాళ్ళకి ఆవిడ గదులు అద్దెకిచ్చి బతికేది. మద్రాసు సర్కారు ఉన్నన్నాళ్ళూ ఆఫీసర్లు వేసవి వస్తే చాలు, వరసకట్టి దిగేవారు. రాష్ట్రం మారగానే వాళ్ళు రావడం మానేశారు. గదులకి తాళాలు పడ్డాయి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే బంగళా అమ్మేసి వెళ్ళిపోతానని ఆవిడ మావతో చెప్పేసింది.

అలాంటప్పుడు కొత్త రాజధాని కటకం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కొత్త సర్కారు ఆఫీసర్లు వేసవిలో దిగడానికి గోపాలపురంలో ఒక బంగళా చూస్తున్నారట. పెద్ద ఆఫీసరు ఒకాయన పదో రోజున స్వయంగా వచ్చి, మధ్యాహ్నం భోజనం చేసి, చూసి వెళతాడట. దొరసానమ్మ ఉత్తరం చదివి భోజనాల గదిలోకి వెళ్ళి బల్ల వైపు చూసి కూలబడింది.

ఆ బల్ల కప్తాను బర్మాలోని మౌల్మేన్ రేవులో చేయించి తన ఓడలోనే తెచ్చుకున్నది. పన్నెండుమంది కూర్చున్నా మోచేతులు తగలవు. కాళ్ళు నలుగురు పహిల్వాన్ల కాళ్ళలా ఉండేవి. కాని ఏళ్ళ తరబడి ఉప్పుగాలీ, దీపాల మసీ, మైనం మీద మైనం పట్టి మా ఇంటి పెనంలా తయారయింది. కుర్చీలు దానికి తగ్గట్టే ఉన్నాయి. బరంపురం నుంచి వడ్రంగిని పిలిపించమంది ఆవిడ. ఎందుకమ్మా, మా మేనల్లుడు రంగంలో ఇదే పని చేసి వచ్చాడు అన్నాడు మావ, ఛాతీ ఇంత చేసుకొని.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పాడు. "ఒరే సింహాద్రీ, నీకిదొక లెక్కేటిరా. అమ్మగారికి నాను మాటిచ్చేసినాను. ఎన్ని రోజులు పడతాది సెప్పు."

నిజం చెప్పడానికి దేవుడు నాకిచ్చిన అవకాశం అదే. నేను గడ్డం నిమురుకున్నాను. "నాలుగు" అన్నాను. నాలుగే ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

నా పనిముట్లు చెబుతాను, మనసులో ఉంచుకోండి. పగిలిన సీసా పెంకులు, కొబ్బరి పీచు, సముద్రపు ఇసక. పెంకుతో గీకడం, పీచు మీద ఇసక వేసి రుద్దడం. మొదటి రోజు నల్లటి మడ్డి వచ్చింది. రెండో రోజు దాని కింద ఇంకో రకం మడ్డి వచ్చింది. నా భుజాలు ఎవరో ఊడదీసి తిరగేసి బిగించినట్టున్నాయి. మూడో రోజు పన్నెండు గంటలప్పుడు ఒక మూల అరచేయంత మేర మడ్డి పూర్తిగా పోయింది. నేను పెంకు పక్కన పెట్టేశాను.

కింద బంగారం ఉంది. మరో మాట నాకు రాలేదు. అల వెనక్కి వెళ్ళాక తడి ఇసక మీద గీతలు మిగులుతాయి చూడండి, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా కలవకుండా. అచ్చం అలాంటి గీతలు ఆ చెక్క లోపల ఉన్నాయి. రెండేళ్ళు టేకు పొట్టు ఎత్తినవాణ్ణి, టేకు ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. దొరసానమ్మ వచ్చి నా పక్కన నిలబడి అరచెయ్యి దానిమీద ఆనించింది. దీని లోపల బంగారం ఉందని మా ఆయన చెబితే అప్పట్లో నేను నవ్వేదాన్ని అని, మళ్ళీ తన గదిలోకి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆపి తెలిసినవాణ్ణి పిలిచి ఉంటే ఈ పాటికి మీరు వేరే కథ వింటూ ఉండేవారు.

చెక్క బయటపడింది. దానికి ఇప్పుడేదో పుయ్యాలి. రంగంలో ఆ చీనావాళ్ళ సీసాలో ఏముండేదో నాకు తెలీదు. ఎవరినైనా అడుగుదామంటే మేస్త్రీ అడగడమేమిటని సిగ్గు. కూర్చుని ఆలోచించాను. నాకు బాగా తెలిసిన చెక్క వస్తువు లోకంలో ఒకటే ఉంది, పడవ. ఉప్పునీళ్ళలో ఏళ్ళకేళ్ళు నానినా పడవ చెక్క చెడదు. ఎందుకని? సొర నూనె పూస్తాం కాబట్టి. పడవకి పనికొచ్చేది బల్లకి పనికిరాదా? ఇంత పెద్ద సంగతి నా అంతట నేనే కనిపెట్టినందుకు నా మీద నాకే గౌరవం పుట్టింది.

సొరచేప కార్జాన్ని కుండలో వేసి కాచి తీసే నూనె అది. దాని వాసన ఎలా ఉంటుందంటారా? ఆ సంగతి నన్నడగకండి. మా పేటలో పుట్టినవాడికి అది వాసన కిందే లెక్క కాదు. మావదీ ఏళ్ళ తరబడి ఆ పేటలో తిరిగిన ముక్కే. దొరసానమ్మకి అప్పటికి నాలుగు రోజులుగా పడిశం. ఇలా ముగ్గురికీ ముక్కులు పనిచెయ్యని ముహూర్తంలో, కిటికీలన్నీ తెరిచి పెట్టుకొని, బల్లకీ కుర్చీలకీ పైనా కిందా సందుల్లోనూ మూడు పూతలు పూశాను. చెక్క ఎంత పోసినా తాగింది.

మెరిసింది. అది మాత్రం ఒప్పుకోవాలి. మావ బల్లచుట్టూ రెండుసార్లు తిరిగి, మూడోసారి ఆగి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు తప్ప ఆయన అది తీయగా నేను చూడలేదు. దొరసానమ్మ మసక కళ్ళతో వంగి చూసి, ఇది బరంపురం పని కాదు, రంగూన్ పని అంది. కిటికీలు మూయించి పడుకోవడానికి వెళ్ళింది. ఆ సాయంత్రం నేను పేటలోకి నడిచి వెళ్ళలేదు, ఊరేగింపుగా వెళ్ళాను. ఊరేగింపులో ఉన్నది నేనొక్కణ్ణే.

తెల్లారేసరికి దొరసానమ్మ పడిశం తగ్గిపోయింది.

నేను వెళ్ళేసరికి బంగళా మెట్ల మీద పిల్లులు. బరంపురం కోర్టు మెట్ల మీద కక్షిదారుల్లా, ఒకదాన్నొకటి తోసుకోకుండా, తమ వంతు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాయి. కప్పు మీద కాకులు. లోపల బల్లకాలు ఒకదాన్ని ఒక గండుపిల్లి రెండు ముందుకాళ్ళతో కౌగిలించుకొని, కళ్ళు మూసుకొని, భక్తిగా నాకుతోంది. దొరసానమ్మ వరండా చివర ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. ఆవిడ అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. అరవలేదు.

"బట్లర్, నా బల్ల మీద ఏముంది?" అంది, అంతే.

మావ నా వైపు తిరిగాడు. "ఏటి పూసినావురా?"

"సొర నూనె."

మావ నేల మీద కూర్చుండిపోయాడు.

తర్వాతి రోజున్నరలో నేను చేసినవి చెబితే మీరు నన్ను ఇంకా తక్కువగా చూస్తారు. నిమ్మకాయలు కోసి రుద్దాను. చింతపండు పట్టించాను. సాంబ్రాణి పొగ వేశాను. మల్లె అత్తరు చల్లాను. ఒక్కటీ ఆ వాసనని తగ్గించలేదు, అన్నీ దాంతో చేతులు కలిపాయి. పెళ్ళివారు వచ్చి దిగిన చేపల బజారులా ఉంది ఆ గది.

మావ ఇంక ఆగలేదు. బస్సెక్కి బరంపురం వెళ్ళి దయానిధి మహారణా అనే ముసలి వడ్రంగిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ఒడియా మనిషి, మా తెలుగు మాట్లాడతాడు. బక్కపలచని శరీరం, దారంతో చెవులకి కట్టుకున్న కళ్ళద్దాలు, భుజానికో సంచీ. లోపలికొచ్చి బల్లచుట్టూ ఒకసారి నడిచాడు. వంగి ముక్కు ఆనించాడు. నిటారుగా లేచి నన్ను అడిగాడు.

"ఇది ఏ రేవు పడవ బాబూ?"

నాకు ఏడుపొచ్చింది. ఇంక దాచలేకపోయాను. రంగంలో నేను బల్లలు చెయ్యలేదు, పొట్టు ఎత్తాను అని మావ ముందే చెప్పేశాను. మావ గోడవైపు తిరిగిపోయాడు. ముసలాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. సంచీ అడుగు నుంచి చిటికెడు పొట్టు తీసి నా చేతిలో పోసి ఏ చెక్కో చెప్పమన్నాడు. వేళ్ళతో నలిపి వాసన చూసి పనస అన్నాను. ఇంకో చిటికెడు ఇచ్చాడు. టేకు అన్నాను.

"రెండేళ్ళు ఊరికే పోలేదులే. నీళ్ళు కాచు" అన్నాడు.

మూడు రోజులు ఆయన పక్కన ఉన్నాను. సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగించాడు. ఇటుక పొడీ బూడిదా ముద్దచేసి మందంగా పట్టించి ఎండలో పెట్టించాడు. సాయంత్రానికి ఆ ముద్ద నూనె పీల్చుకొని పచ్చబడి పెచ్చులుగా రాలింది. మళ్ళీ పట్టించాడు, మళ్ళీ రాల్చాడు. వాసన పలచబడింది గాని చావలేదు. అప్పుడు సంచీలోంచి ఒక సీసా తీసి మూత విప్పాడు. ముక్కు అదిరింది. రంగంలో ఆ కొట్టు గుమ్మం నా కళ్ళముందు నిలబడింది. స్పిరిటులో కరిగించిన లక్క అది.

దూది పెట్టి చుట్టిన గుడ్డ ఉండని అందులో ముంచి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత ఆయన చెయ్యి ఆగడం నేను చూడలేదు. ఎనిమిది అంకె దిద్దినట్టు తిరుగుతూ, ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి. చెక్క మీద చెయ్యి ఆగితే మచ్చ పడుతుందట. మనిషి ముసలివాడు, అడుగు వేస్తే మోకాలు పట్టేసేది, మెట్టెక్కితే ఆయాసం. ఆ చెయ్యికి మాత్రం వయసు లేదు. ఒక్కో పూతకీ చెక్క లోపలి గీతలు ఒక్కో మెట్టు పైకి ఎక్కి వస్తున్నాయి. నేను ఊపిరి బిగపట్టి చూస్తున్న సంగతి ఆయనే గమనించి, ఊపిరి పీల్చుకో, దాని పని అది చేసుకుంటుంది అన్నాడు.

మూడో రోజు సాయంత్రం కిటికీ రెక్కలు తెరిచాడు. బల్లలో సముద్రం కనబడింది. నేను పుట్టినప్పటి నుంచీ చూసిన సముద్రమే. అలలు బల్ల ఆ చివర నుంచి లేచి ఈ చివరకి వస్తున్నాయి. దూరంగా ఒక తెరచాప కూడా చెక్క మీద మెల్లగా జరుగుతోంది. దొరసానమ్మ వచ్చింది, చూసింది, కుర్చీ లాక్కుని కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు. లేచేముందు ఆవిడ వంగి వాసన చూసింది. ఏమీ లేదు. లక్క తలుపు వేసేసింది, లోపలిది ఇంక బయటికి రాదు అన్నాడు ముసలాయన.

ఆయనకి మర్నాడు బరంపురంలో వేరే పని ఉంది. మిగిలిన లక్క నా చేతికిచ్చి, పైన అంతా అయింది, బల్లకీ కుర్చీలకీ అడుగుభాగం మిగిలింది, బోర్లించి రెండు పూతలు వెయ్యి అని చెప్పి బస్సెక్కాడు.

నేను వెయ్యలేదు. బద్ధకం కాదు, ఒట్టు. కుర్చీలకైనా బల్లకైనా చెయ్యి వెయ్యబోతే ఆ మెరుపులో నా మొహం కనబడేది. దీన్ని బోర్లించి నేల మీద పెట్టాలా, గీత పడితే? చెయ్యి రాలేదు. అడుగు ఎవడు చూస్తాడులే అనుకున్నాను. కిందకి దూరి పడుకుని పుయ్యొచ్చన్న ఆలోచన నాకు మరుసటి వేసవికి గాని రాలేదు.

పదో రోజు ఆఫీసరు వచ్చాడు. పేరు చూస్తే బ్రాహ్మణుడు. మద్రాసు రోజుల్లో దిగిన బ్రాహ్మణ ఆఫీసర్లు గుడ్డు పేరెత్తినా లేచిపోయేవారు కాబట్టి, ఇంట్లో చేప ముక్క కూడా ఉండకూడదని దొరసానమ్మ గట్టిగా చెప్పింది. మావ ఏడు రకాలు వండాడు, అన్నీ కూరగాయలే. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది, పళ్ళేల్లో ఇసక పడుతుందని కిటికీలు మూసేశారు. నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టి పంకా తాడు చేతికిచ్చారు.

గది వేడెక్కింది. బల్ల అడుగూ వేడెక్కింది. నేను తాడు లాగుతున్నాను. అంటే బల్ల కింద నుంచి లేస్తున్న సొర నూనె వాసనని నా చేత్తోనే తీసి ఆయన ముక్కుకి విసురుతున్నాను. నాకు వాసన తెలియకపోయినా ఆయన మొహం తెలుస్తోంది. ముక్కు ఎగబీల్చాడు. తల తిప్పి తలుపు వైపు చూశాడు. మావ గిన్నె మూత తీశాడు. ఆఫీసరు ఆత్రంగా లోపలికి తొంగి చూశాడు. వంకాయ. మొహం వాడిపోయింది. ఇంకో మూత తీశాడు మావ. ఆనపకాయ. ఇంకా వాడింది. ఏడో గిన్నె అయ్యేసరికి దొరసానమ్మ మొహంలో రంగు లేదు. ఆయన లేచిపోతాడు, బంగళా పోతుంది, మావ ఈ వయసులో తట్ట పట్టుకొని ఒడ్డుకెళతాడు అనుకుంటున్నాను. తాడు లాగడం మాత్రం ఆపలేదు. భయపడితే నా చేతులు ఇంకా తొందరగా పనిచేస్తాయి.

ఆఫీసరు చెయ్యి పళ్ళెంలో పెట్టుకొని మావని దగ్గరికి పిలిచాడు. కొంచెం మొహమాటంగా, "మాఛొ కాహి?" అని అడిగాడు. చేప ఏది, అని. కూర్చున్నప్పటి నుంచీ వాసన వస్తోంది, ఎప్పుడు తెస్తారా అని ఆకలి దాచుకుంటూ ఉన్నాను అన్నాడు. ఆయనది కటకం పక్క. ఆ పక్క బ్రాహ్మలు చేప లేని పూటని ఉపవాసం కింద రాసుకుంటారు.

మా లచ్చయ్య మావని నేను దణ్ణం పెట్టుకుని చూసింది ఆ ఒక్క క్షణమే. రెప్ప కూడా వెయ్యలేదు. తలపాగా సర్దుకొని అన్నాడు.

"వస్తన్నాది బాబూ. ఆకర్న ఎయ్యడం మా బంగళా పద్దతి."

ఆ మాట చివర నాకేసి ఒక చూపు చూశాడు. తాడు వదిలేసి పరుగెత్తాను. ఇసకలో నేనంత వేగంగా ఎన్నడూ పరుగెత్తలేదు. ఇంట్లో అమ్మ పొయ్యి మీద నుంచి పండుకప్ప చేపల పులుసు దించుతోంది. అమ్మ పుట్టిల్లు రంభ, ఆ చేతి పులుసుకి పేటలో పేరుంది. కుండ అందుకున్నాను.

"ఒరే, మీ అయ్య ఇంకా తిన్నేదురా" అంది అమ్మ.

ఆ పూట మా అయ్య చల్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కున్నాడు.

దొరసాని పింగాణీ గిన్నెలో మా అమ్మ పులుసు ఆ బల్ల మీదికి వెళ్ళింది. ఆఫీసరు అన్నంలో కలుపుకున్నాడు. రెండోసారి వేయించుకున్నాడు, మూడోసారి వేయించుకున్నాడు. లేచి చెయ్యి కడుక్కొని, వెళ్ళేముందు అరచేత్తో బల్ల నిమిరి, ఇంత మంచి బల్ల కటకంలో చూడలేదన్నాడు.

రెండు వారాలకి కాగితం వచ్చింది. బంగళా తీసుకున్నారు. దొరసానమ్మ చదివి వినిపిస్తూ చివర్లో ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. భోజనాల గదిలో అతిథికి కూర్చున్నది మొదలు చేప వాసన అందుతూ ఉండే ఏర్పాటు మెచ్చుకోదగినది, ఆకలిని చక్కగా పెంచుతుంది, దాన్ని ఇకముందు కూడా కొనసాగించవలెను అని ఉంది అందులో.

ఆ వారమే దయానిధి మహారణా అడుగు పని చూడ్డానికి వచ్చాడు. నేను వెయ్యలేదని ఒప్పుకున్నాను. ఆయన నిట్టూర్చి సీసా మూత తియ్యబోయాడు. దొరసానమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"అడుగు ముట్టుకోవద్దు. సర్కారు ఆర్డరు."

ముసలాయన ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు, వంగి బల్ల కింద వాసన చూశాడు. నలభై ఏళ్ళ పనిలో ఇలాంటి ఆర్డరు వినలేదు అన్నాడు. మూత బిగించి, ఇక్కడ ఉంటే నువ్వు ఇంకా పాడైపోతావు, నాతో రా అని నన్ను బరంపురం తీసుకుపోయాడు. ఆయన చెయ్యి ఆడినంత కాలం ఆయన పక్కనే లక్క పూశాను. ఆ చెయ్యి నాకు రాలేదు. దానికి దగ్గర్లోకి రావడానికే నా జీవితం సరిపోయింది.

మరి ప్రతి వేసవికీ ముందు దొరసానమ్మ కబురు పంపేది. నేను మా గురువుకి ఏదో ఒకటి చెప్పి, గోపాలపురం బస్సెక్కి, చిన్న కుండతో ఆ బల్ల కిందకి దూరేవాణ్ణి. పిల్లులు గుర్తుపట్టి పలకరించేవి.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సముద్రం వైపు తిరిగి, ఎడమచేత్తో లక్క సీసా పట్టుకొని, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకొని మీ అందరి ఎదుటా ఒట్టేసి చెబుతున్నాను. ఈ ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ ఏ భోజనాల బల్ల పైభాగానికీ సొర నూనె పూయను. అడుగుభాగం సంగతి మాత్రం సర్కారువారి ఇష్టం.